వంటకు వెల కట్టవచ్చునా?

ఇంటికి వచ్చిన స్నేహితులు భోజనము చేసి, చేయి కడిగికొని, తాంబూలము వేసికొనుచు గృహిణితో అనుమాట యొకటి కలదు. "వదినా! నీ చేతిలో అమృతమున్నది సుమా! ఇట్టి గుత్తివంకాయకూర మఱెక్కడను తినలేదు. నీవొక భోజనశాల పెట్టరాదా?" అని వారందురు. గృహిణి నవ్వి యూరకుండును. వచ్చినవారు వెడలిపోదురు, అంట్లు మిగులును. సాధారణముగా ఆ ప్రసంగము అంతటితో ముగియును. కాని యే యింట నెలజీతము నిలుకడగా వచ్చుట లేదో, యే గృహిణి యొక యుద్యోగము కొఱకు నెలల తరబడి దరఖాస్తులు పంపుచున్నదో, ఆ యింట ఆ మాట అంత తేలికగా మఱపునకు రాదు. "నిజముగా నా వంట నా సంసారమునకు ఆధారము కాగలదా? తిన్నవారి యొద్ద డబ్బు పుచ్చుకొనుట తగునా?" అని యామె తనలో తాను తర్కించుకొనును.

ఈ రెండు ప్రశ్నలును చిన్నవి కావు. కావున సోదరీమణులతో ఈ విషయమును గూర్చి ముచ్చటింపదలచితిమి. మా యభిప్రాయమును ముందే చెప్పెదము. ప్రేమతో పెట్టిన భోజనమునకు వెల లేదు. పనిగా చేసిన వంటకు మాత్రము వెల యుండి తీరవలయును. ఈ రెంటిని వేఱుచేసి చూడనేర్చిన గృహిణికి వంట జీవనాధారము కాగలదు. రెంటిని కలిపివేసిన గృహిణికి స్నేహమును మిగులదు, సొమ్మును మిగులదు. అలసట మాత్రము మిగులును.

మొదట రెండవ ప్రశ్నను తీసికొందము. అన్నము అమ్ముకొనరాదని పెద్దలు చెప్పుట మనము చిన్ననాటి నుండియు వినుచున్నాము. అన్నదానమును మించిన దానము లేదనియు, ఆకలిగొని వచ్చినవానిని వెల యడుగుట పాపమనియు మన యిండ్లలో నమ్మకము. గోదావరి సీమయందలి లంకల గన్నవరమున కాపురముండిన డొక్కా సీతమ్మగారు 1841 లో జన్మించి 1909 లో పరమపదించిరి. వేళగాని వేళ వచ్చిన బాటసారికైనను కాదనక అన్నము పెట్టిన తల్లి యామె. 2024 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. అట్టి పుణ్యచరిత్రను తలచి మనము చేతులు జోడింపవలసినదే. అయినను ఒక విషయము మఱవరాదు. సీతమ్మగారి పెనిమిటి జోగన్నగారు కలిగిన రైతు. ఆ పొలములలో పండిన ధాన్యమే ఆ యింటి పొయ్యిమీద అన్నమైనది. ఆ దానమునకు వెనుక ఆస్తి యుండెను. ఆస్తి లేని గృహిణి అడిగినవారికెల్ల ఊరక వండిపెట్టినచో, కొన్నాళ్లకు తన బిడ్డలకే అన్నము కఱవగును. కలిగినవారికి దానము ధర్మము. లేనివారికి పనిచేసి బ్రదుకుట ధర్మము. ఈ రెండును ఒకదానికొకటి విరోధములు కావు.

మఱియు, అన్నము అమ్మరాదన్న యీ దేశముననే పూటకూళ్లయిండ్లును ఉండెను. కాకతీయుల నాటి యోరుగల్లును కన్నులకు కట్టించు "క్రీడాభిరామము"న పూటకూళ్లింటి భోజనము వర్ణింపబడినది. ఒక్క రూక యిచ్చినవానికి సన్నబియ్యపు అన్నము, గోధుమపిండి వంటకము, క్రొత్తగా కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు లభించెనట! గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కము" 1892 లో ప్రదర్శింపబడి 1897 లో అచ్చుపడినది. అందలి పూటకూళ్లమ్మ దిక్కులేని వితంతువు. పదిమందికి వండిపెట్టి తన బ్రదుకు తాను బ్రదికినది. ఆమె యన్నము తిని ఆమె సొమ్మునే కాజేసిన గిరీశమును చూచి మనము నవ్వుకొందుము గాని, ఆ యిద్దఱిలో కష్టించి తిన్నది ఎవరో ఒక్కసారి యోచింపవలదా? పూటకూళ్లమ్మ యను మాటను చిన్నచూపుతో పలుకుట మనకలవాటైనది. ఆ చిన్నచూపే నేటికిని మన చదువుకొన్న యాడుపడుచుల చేయి పట్టి వెనుకకు లాగుచున్నది.

ఈ చిన్నచూపునకు మూలమేమి? వంట పనియే కాదను భావము. ఆడది పుట్టుకతోనే వంట నేర్చి వచ్చునని, దానికి శ్రమయు నేర్పును అక్కఱలేదని లోకము తలచును. లెక్కలు వేఱుగా చెప్పుచున్నవి. భారత ప్రభుత్వమువారు 2024 లో దేశమంతట జనుల కాలవినియోగమును గూర్చి సర్వే జరిపించిరి. జీతము లేని యింటిపనులలో పాల్గొనిన స్త్రీలు రోజునకు సగటున 289 నిమిషములు, పురుషులు 88 నిమిషములు వానికై వెచ్చించుచున్నట్లు తేలినది. 289 నిమిషములనగా నాలుగు గంటల నలువదితొమ్మిది నిమిషములు. 2019 లో జరిగిన సర్వేలో ఈ లెక్క స్త్రీలకు 299, పురుషులకు 97 గా నుండెను. ఐదేండ్లలో స్త్రీకి తగ్గినది పది నిమిషములు. ఈ పని యొక కచేరిలో చేసినచో దానికి జీతము, సెలవు, పింఛను ఉండెడివి.

న్యాయస్థానములు సహితము ఈ పనికి వెల కట్టవలసి వచ్చినది; అయితే ఎప్పుడు? గృహిణి మరణించిన పిమ్మట. 1989 లో జంషెడ్‌పూరున ఒక యుత్సవమునందు అగ్నిప్రమాదము జరిగి పలువురు మృతినొందిరి. వారి కుటుంబములకు చెల్లింపవలసిన పరిహారమును 2001 లో నిర్ణయించుచు సుప్రీంకోర్టు, గృహిణులు ఇంటికి చేయు సేవకు నెలకు 3,000 రూపాయల విలువ కట్టినది. 2021 లో మఱియొక తీర్పునందు, గృహిణి పనికి విలువ కట్టుట ఆమె శ్రమను, త్యాగమును గుర్తించుటయే యని యా న్యాయస్థానము పలికినది. పోయిన తరువాత కట్టు వెలను ఉన్నప్పుడే కట్టుకొనినచో దోషమేమి?

సర్కారు సహితము ఈ విషయమున ఉదారముగా లేదు. బడులలో వండిన భోజనము పెట్టవలయునని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఉత్తరువు చేసినది. నేడు లక్షలకొలది స్త్రీలు ఆ వంట చేయుచున్నారు. వారికిచ్చునది జీతము కాదు, "గౌరవవేతనము". కేంద్రము 2009 లో నిర్ణయించిన మొత్తము నెలకు 1,000 రూపాయలు; అదియు సంవత్సరమునకు పది నెలలు మాత్రమే. రాష్ట్రములు తమ వంతుగా కొంత కలుపుచున్నవి. వందమంది పిల్లలకు వేళకు అన్నము వండి వడ్డించు పనికి ఇంత తక్కువ వెల యుండుట, అది ఆడవారి పని యని యెంచుట చేతనే గదా! వంటకు తగిన వెల అడుగుట సిగ్గుపడవలసిన విషయము కాదని సోదరీమణులకు ఇంతగా చెప్పుట ఇందులకే.

ఇక మొదటి ప్రశ్న: మన వంట మనలను పోషింపగలదా? పోషింపగలదు గాని, స్నేహితులు మెచ్చినంత మాత్రమున కాదు. విందు వంట వేఱు, వ్యాపారపు వంట వేఱు. విందునకు మనము సరకు లెక్కచూడము; జీడిపప్పు గుప్పెడు ఎక్కువ పడినను సంతోషమే. ఒకనాడు ఉప్పు తగ్గినను స్నేహితురాలు నవ్వి మజ్జిగ పోసికొనును. వెల యిచ్చి కొన్నవారు అట్లు సరిపెట్టుకొనరు. సోమవారమునాటి రుచియే శనివారమునను ఉండవలయును. ఒంటిగంటకు రావలసిన భోజనము ఒంటిగంటకే రావలయును. కావున వంటలో కొలతయు, పనిలో వేళయు మొదట నేర్వవలసిన విద్యలు. "చేతికి వచ్చినంత" యను కొలత వ్యాపారమునకు పనికిరాదు. పులిహోరకు కిలో బియ్యమునకు చింతపండు 100 గ్రాములో 125 గ్రాములో తూచి చూచి, రుచి కుదిరిన కొలతను పుస్తకమున వ్రాసికొని, ప్రతిసారియు దానినే పాటింపవలయును.

ఇక వెల కట్టు పద్ధతిని ఒక యుదాహరణముతో చెప్పెదము. ఈ యంకెలు లెక్క తెలియుటకై మేమనుకొన్నవి. మీ యూరి ధరలను బట్టి మార్చుకొనవలయును. పదిమందికి పప్పు, కూర, పులిహోర, పచ్చడి, పెరుగుతో భోజనము సిద్ధము చేయవలసి వచ్చినదనుకొందము. సరకులకు 900 రూపాయలు, పాడగునది, మిగులునది క్రింద 90, గ్యాసునకు 60, పొట్లములకును డబ్బాలకును 120 అయినవనుకొందము. మొత్తము 1,170. పలువురు గృహిణులు సరకుల ఖర్చు 900 మాత్రమే చూచుకొని, "తలకు నూఱు రూపాయలు పుచ్చుకొన్న నూఱు మిగులును" అని సంతోషింతురు. నిజముగా వచ్చినది 1,000, అయినది 1,170. అనగా చేతి సొమ్ము 170 పోయినది. ఐదు గంటల శ్రమ వట్టిదైనది. ఆ ఐదు గంటలకు గంటకు 80 రూపాయల చొప్పున 400 చేర్చినచో మొత్తము 1,570, తలకు 157. పాత్రల అరుగుదలకును, బేరము లేని దినములకును మఱికొంత చేర్చి 170 అని చెప్పినచో అది న్యాయమైన వెల. తన కూలిని లెక్కలో వేసికొనని గృహిణి వ్యాపారము చేయుట లేదు. కొనువారికి తెలియకుండ దానము చేయుచున్నది.

నిలుకడ యెచ్చటనుండి వచ్చును? పెద్ద పండుగ బేరమునుండి కాదు. సంక్రాంతికి అరిసెలు, శ్రావణమాసమున పూర్ణములు, దీపావళికి లడ్డూలు విరివిగా అమ్ముడగును, ఆషాఢమున అడుగువారుండరు. ఒకనాడు నలువదిమందికి వండుటకంటె, నెల పొడుగున పదిమందికి వండుట మేలు. పట్టణములలో ఉద్యోగములు చేయు దంపతులు, ఒంటరిగా నున్న వృద్ధులు, గదులు తీసికొని చదువుకొను పిల్లలు ఎందఱో కలరు. హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలో వీథివీథిని కఱ్ఱీపాయింట్లు వెలయుటకు కారణమిదియే. అన్నము ఇంటిలో వండుకొని కూర కొనితెచ్చుకొనువారు పెరిగిరి. నెలకింత యని ముందుగా సొమ్ము ఇచ్చి, దినమును భోజనము పుచ్చుకొను పదిమంది కుదిరినచో, ఆ గృహిణికి అది యొక చిన్న జీతముతో సమానము. ఎంత సరకు తేవలయునో ముందే తెలియును గనుక పాడగునదియు తగ్గును.

పూటపూట వండుటకు వీలుపడనివారు నిలువయుండు వస్తువులను ఎన్నుకొనవచ్చును. కందిపొడి, కరివేపాకుపొడి, నల్లకారము, వడియములు, ఊరగాయలు మన చేతిలోని విద్యలే. అయితే వీనికిని తమ తమ చిక్కులు కలవు. వడియములకు ఎండ కావలయును. ఆవకాయకు సొమ్మంతయు వేసవిలో ఒక్కమాఱు పెట్టి, సంవత్సరము పొడుగున కొంచెము కొంచెముగా రాబట్టుకొనవలయును. పొడులు ఏ ఋతువునందైనను చేయవచ్చును, పెట్టుబడి తక్కువ. కావున తొలిసారి ప్రారంభించువారికి ఇవి మేలని మా తలంపు. పది రకములు మొదలిడి తొట్రుపడుటకంటె, ఇరుగుపొరుగు నిజముగా మెచ్చిన రెండు రకములతో ప్రారంభించుట తెలివి.

శుభ్రత విషయమున ఉపేక్ష కూడదు. వండిన పదార్థమును మామూలు వేడిమియందు రెండు గంటలకు మించి ఉంచరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. వేడిగా నుంచదలచినచో 60 డిగ్రీలకు పైగా, చల్లగా నుంచదలచినచో 5 డిగ్రీలకు లోపుగా నుంచవలయును. వండిన అన్నము పెద్దమొత్తమున గిన్నెలోనే నిలువ యుండినచో లోపల వేడి చిక్కుకొని క్రిములు పెరుగును. పులిహోరకు అన్నమును పళ్లెరములలో పలుచగా ఆరబోయు మన పాత యలవాటు ఈ విధమునను మంచిదే. మఱియు, 2006 నాటి ఆహారభద్రతా ప్రమాణముల చట్టము ప్రకారము ఇంటిలో వండి యమ్ము చిన్న వ్యాపారులును నమోదు చేయించుకొనవలయును. ఆ పని కంప్యూటరు ద్వారా ఇంటినుండియే జరుపవచ్చును. నమోదు సంఖ్యను పొట్లముపై అచ్చువేయించినచో కొనువారికి నమ్మకము కలుగును.

స్నేహితులనుండి డబ్బు పుచ్చుకొనుటలోనే మన యాడువారికి చిక్కు. "అక్కయ్యా, మా యింట శుక్రవారము పేరంటము, రెండు వందల గారెలు చేసిపెట్టవూ?" అని పొరుగింటి చెల్లెలు అడుగును. చేసిపెట్టిన పిదప "ఎంతయీయమందువు?" అని యామె యడుగగా, "నీకు తోచినది ఇమ్ము" అని యీమె యనును. ఆమెకు ఎంత తోచవలయునో తెలియదు. ఈమెకు వచ్చినది చాలదు. ఇద్దఱి మనస్సులలోను ముల్లు నాటుకొనును. దీనికి మందు ఒక్కటే: పని యొప్పుకొనునప్పుడే, పొయ్యి వెలిగింపకముందే, వెల చెప్పవలయును. "చెల్లీ, గారెకింత, మొత్తము ఇంత, సగము ముందిమ్ము, సరకు తెచ్చుకొందును" అని నవ్వుచు చెప్పినచో ఏ మంచి స్నేహితురాలును తప్పు పట్టదు. ఆ స్నేహితురాలినే ఆదివారము ఇంటికి పిలిచి పట్టెడన్నము పెట్టునప్పుడు మాత్రము వెల ప్రసక్తి రానీయరాదు. కార్తికమాసపు వనభోజనమునకు మనము కొనిపోవు గిన్నె ప్రేమకు చెందినది. పేరంటమునకు ఒప్పుకొన్న గారెలు పనికి చెందినవి.

వచ్చిన సొమ్మునకు వేఱుగా లెక్కపుస్తకము, గృహిణి పేరనే బ్యాంకు ఖాతా యుండుట అవసరము. ఇంటి ఖర్చుల డబ్బాలో ఈ సొమ్ము కలిసిపోయినచో, లాభమో నష్టమో సంవత్సరము గడచినను తెలియదు.

ఒంటరిగా చేయలేనిది కలిసి చేయవచ్చును. 1959 మార్చి 15 వ తేదీన బొంబాయి నగరమున గిర్‌గాముకడ నొక మేడపై ఏడుగురు గుజరాతీ గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడములు ఒత్తిరి. మొదటినాడు తయారైనవి నాలుగు పొట్లములు. అదియే నేడు దేశమంతట పేరొందిన లిజ్జత్ అప్పడముల సంస్థ. ఆ యేడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌గారికి 2021 లో పద్మశ్రీ బిరుదు లభించినది. వారి పద్ధతియందు మనము గమనింపదగినది యొకటి కలదు. పిండి ఒక్కచోట కలుపుదురు. అందుచేత రుచి మాఱదు. సోదరీమణులు ఆ పిండిని ఇంటికి గొనిపోయి ఒత్తి తెచ్చి, తూకము చొప్పున కూలి పుచ్చుకొందురు. అనగా పని యింటిలో జరిగినను కూలి లెక్కలోనికి వచ్చినది. మన యాంధ్ర, తెలంగాణ గ్రామములందు డ్వాక్రా సంఘములుగా ప్రసిద్ధికెక్కిన స్త్రీల పొదుపు సంఘములు ఇట్టి కలిసికట్టు పనికి మంచి యాధారములు. నలుగురు కలిసినచో ఒకరికి జ్వరము వచ్చినను పని ఆగదు. నిలుకడకు ఇంతకంటె మఱేమి కావలయును?

ఇంతవఱకు చెప్పినది చదివి, వంట బాగుగా వచ్చిన ప్రతి స్త్రీయు వంటనే వృత్తిగా గొనవలయునని మేము చెప్పుచున్నట్లు భావింపరాదు. చదువుకొని, ఉద్యోగము కోరి వెదకుచున్న స్త్రీతో "నీకేమమ్మా, చేతినిండ వంట యున్నది" అనుట ఆమె చదువును చిన్నబుచ్చుటయే. వెదకుట యొక పని. దానికి దినమునకు రెండు గంటలైనను ఎవరును అడ్డుపడని వేళ యుండవలయును. పిల్లలు బడికి పోయిన పిమ్మట పదిగంటలకు కూర్చుండి దరఖాస్తు వ్రాయబోవు కోడలిని "కాస్త కాఫీ కలుపమ్మా" అని లేపుట చిన్న విషయముగా తోచును గాని, అట్లు పదిమాఱులు జరిగిన దినమున దరఖాస్తు వ్రాయబడదు.

స్నేహితులకు వండిపెట్టుట ఈ వెదకులాటకును తోడ్పడునని చెప్పినచో ఆశ్చర్యపడకుడు. అమెరికా దేశపు సంఘశాస్త్రజ్ఞుడు మార్క్ గ్రానొవెటర్‌గారు ఉద్యోగము మాఱినవారు ఆ పని యెట్లు తెలిసికొనిరో విచారించి 1973 లో ఒక వ్యాసము ప్రకటించిరి. తెలిసినవారి ద్వారా పని దొరికినవారిలో, తఱచుగా కలియు దగ్గఱివారి మూలమున దొరికినది నూటికి పదునేడుగురికి మాత్రమే. తక్కినవారికందఱకు అప్పుడప్పుడో, అరుదుగానో కనబడువారి మూలముననే దొరికినది. కారణము సులభమే. దగ్గఱివారికి తెలిసినది మనకును తెలిసియే యుండును. దూరపువారికి వేఱు లోకము తెలియును. కావున విందునకు పిలుచునప్పుడు ఎల్లప్పుడును ఆ నలుగురినే కాక, పాత సహపాఠిని, పిల్లల బడిలో పరిచయమైన తల్లిని, వెనుకటి వీథిలోని పొరుగామెను అప్పుడప్పుడు పిలువవలయును. పిలిచి, "నేను పని వెదకుచున్నాను, నేను చేయగలది ఇది" అని దాపరికము లేక చెప్పవలయును. పని లేదని చెప్పుకొనుటకు సిగ్గుపడి మౌనముగా వడ్డించు గృహిణికి మెప్పు లభించును గాని వార్త లభింపదు.

దొరికిన పని నిలుకడయైనదా కాదా యని తెలిసికొనుటకు కొన్ని ప్రశ్నలు కలవు. నియామకపత్రము వ్రాతపూర్వకముగా నిత్తురా? జీతము ఏ తేదీన వచ్చును? భవిష్యనిధి కలదా? సెలవులెన్ని? పని మాన్పింపదలచినచో ఎన్ని దినముల ముందు తెలుపుదురు? ఇవి యడుగుట గర్వము కాదు. ఉద్యోగమిచ్చెదమని చెప్పి ముందుగా ధరావతు కట్టుమని అడుగువారిని, ఇంటియందే సులువుగా వేలు సంపాదింపవచ్చునని సెల్‌ఫోనునకు సందేశములు పంపి సొమ్ము కోరువారిని నమ్మరాదు. పని యిచ్చువాడు మనకు సొమ్ము ఈయవలయును గాని, మనయొద్ద పుచ్చుకొనుట యెక్కడి న్యాయము?

చివరకు ఇంటిలోని పెద్దలకును పురుషులకును ఒక మాట. ఇంటికి సొమ్ము తెచ్చు పని యొకటి గృహిణి నెత్తికెత్తుకొన్నప్పుడు, వెనుకటి 289 నిమిషముల పనియు తగ్గక అట్లే యున్నచో, ఆమెకు లభించినది జీవనము కాదు, రెండవ కాడి. పదిమందికి భోజనము పంపి వచ్చిన యిల్లాలు తిరిగి ఇంటివారికి వేఱుగా వండవలయునా? కూరగాయలు తెచ్చుట, బియ్యము కడిగి పొయ్యిమీద పెట్టుట, పిల్లల పాఠములు చూచుట, అంట్లు తోముట మగవారికి రాని విద్యలు కావు. విందులలోను పెండ్లిండ్లలోను గాడిపొయ్యిల ముందు నిలిచి వేయిమందికి వండు వంటవాండ్రలో పురుషులు లేరా? కూలి యిచ్చినచోట పురుషునికి వచ్చిన వంట, ఇంటికి రాగానే మఱపునకు వచ్చుట వింత గదా! అత్తగారు ఆ రెండు గంటల వేళ కోడలికి కాపుకాచినచో, అది మఱి యే యాశీర్వచనమునకును తీసిపోదు.

సోదరీమణులారా! అతిథి ఆకలి తీర్చు గుణము మనకు పెద్దలిచ్చిన సొత్తు, దానిని విడువవలదు. స్నేహితులను పిలువుడు, కొసరి కొసరి వడ్డింపుడు. ఆ మఱునాడు వారు పనిగా వంట నడిగినచో కలమును కాగితమును తీసికొని, సరకు, గ్యాసు, పొట్లము వ్రాసి, వాని క్రింద మీ కూలిని వ్రాయుడు. ఆ పంక్తిని విడిచిపెట్టకుడు. మీరు వ్రాసికొననిచో, దానిని మీకొఱకు వ్రాయువారు మఱెవ్వరును లేరు.